నీ క్లాసులో నేను చేసిన తప్పులు

అక్కా,

బాగున్నావా? అలా అడగకూడదేమో... కానీ ఉత్తరం మొదలుపెట్టాలంటే నాకు తెలిసింది అదొక్కటే. నువ్వు పోయి రెండేళ్లు దాటింది. మొన్న పెత్తరమాసకు నీ పేరు మీద బియ్యం ఇచ్చాము. నీకిష్టమని బావ గోకరకాయ కూర చేయించాడు. నాకు గోకరకాయ పడదని ఆయనకు ఇంకా తెలియదు.

ఇంట్లో ఏది వచ్చినా ముందు నీకే. కొత్త చీర తెస్తే నీ ఫోటో ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది, పొద్దంతా అక్కడే ఉంచి, ఆ తర్వాత నేను కట్టుకోవాలి. మొదటి భార్య పోయిన ఇంటికి వచ్చిన రెండోదానికి ఇది తప్పదని మనల్ని కన్న అవ్వ చెప్పింది, అత్తమ్మ చెప్పింది. నీ పేరు మీద చేయించిన వెండి బిళ్ల నా మెడలో పుస్తెల పక్కనే ఉంటుంది. చిన్నప్పుడు నువ్వు విడిచిన లంగాలు నేను తొడిగేదాన్ని. ఇప్పుడు కొత్త చీరలు కూడా నువ్వు విడిచినవే అవుతున్నాయి... నవ్వుతున్నావా?

నవ్వకు. నాకు నీ మీద కుళ్లు. నువ్వున్నప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. నువ్వు గుర్తొచ్చి ఏడ్చేటప్పుడు కూడా పోదు. ఏడుస్తూనే కుళ్లుకుంటాను. ఇలా ఎవరికైనా ఉంటుందా?

నువ్వు నర్సింగు చదవడానికి హైదరాబాద్ పోయిన ఏడే నన్ను బడి మాన్పించారు. అవ్వ నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండాలన్నాడు బాపు. అది నీ తప్పు కాదు. నా అయిదో తరగతి పుస్తకాలు అటకెక్కాయి. నువ్వు సెలవులకు మంచిర్యాలలో రైలు దిగి ఇంటికి నడిచి వస్తుంటే వాడకట్టు ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి చూసేవాళ్లు. నీ వెనక సంచి మోస్తూ నేను. నన్ను ఎవరూ చూసేవాళ్లు కాదు.

తర్వాత కరీంనగర్‌లో నర్సులకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. బావతో పెళ్లయింది. అక్కడితో ఆగుతావనుకున్నాము. డాక్టరేట్ చేస్తానన్నావు. ఆ డాక్టరు వేరు, ఈ డాక్టరేటు వేరు అని బాపుకు ఎన్నిసార్లు చెప్పావో... అయినా ఆయన మంచిర్యాల అంతా తన పెద్ద బిడ్డ డాక్టరు కాబోతున్నదనే చెప్పుకుని తిరిగాడు. రోగులకు మందు ఇచ్చే చదువు కాదు, పురుడు పోసేవాళ్లకు, సూది వేసేవాళ్లకు పాఠం ఎలా చెబితే తలకెక్కుతుందో వెతికే చదువు అని నాకు చెప్పావు. నాకు ఒక్కసారికే అర్థమైంది. నీకు గుర్తుందా?

పెద్దపల్లి చుట్టుపక్కల ఊళ్లలో మంత్రసానులను కూర్చోబెట్టి పాఠం చెప్పడం, వాళ్లు ఎలా నేర్చుకుంటున్నారో రాసుకోవడం... అదీ నీ పని. నీకు వంట చేసి పెట్టడానికి అవ్వ నన్ను కరీంనగర్ పంపింది. పెట్టె మోయడానికి నువ్వు నన్ను ఊళ్లకు తీసుకుపోయావు. ఆ పెట్టెలో గుడ్డ బొమ్మ ఉండేది. అది నేనే కుట్టాను. పుట్టిన బిడ్డ బరువు రావాలన్నావని ఇసుక, దూది కలిపి నింపాను. బొడ్డుపేగు కోసం పాత చీర పేలికలను జడలా అల్లాను.

మొదటి ఊళ్లో ఏమైందో నువ్వు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నువ్వు ఏం చెప్పినా తలలు ఊపారు. అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నువ్వు తిరుగు బస్సులో ముఖం మాడ్చుకుని కూర్చున్నావు.

రెండో ఊళ్లో నీ చేతికి సబ్బు అంటి, బొమ్మను పట్టుకొమ్మని నన్ను లేపావు. అంతమంది ముందు నిలబడేసరికి మెడ కింద చెయ్యి పెట్టడం మరిచిపోయాను. తల వేలాడింది. "మెడ పట్టు పిల్లా, మెడ" అని ఆ ఊరి పెద్ద మంత్రసాని పోషవ్వ కూర్చున్నచోటి నుంచే కేకేసింది. ఆమె పక్కనున్నామె లేచివచ్చి బొమ్మను నా చేతుల్లోంచి గుంజుకుని, ఎలా పట్టాలో చూపించింది. ఇంకొకామె అట్లా కూడా కాదంది. అంతే... సాయంత్రం దాకా వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వు రాసుకుంటూనే ఉన్నావు.

బస్టాండులో నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టి అన్నావు, "ఇగ నుంచి నువ్వు తప్పు చెయ్యాలె చెల్లె. గాళ్లు నిన్ను సరిజెయ్యాలె. నా ముందట నోరు తెరువాలంటె గాళ్లకు సిగ్గు. నీ ముందట సిగ్గెందుకు?"

నా ముందట సిగ్గెందుకు... ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నువ్వు మామూలుగానే అన్నావు. బజ్జీ తింటూ అన్నావు.

ఇంకొకటి కూడా చెప్పావు. "ఎవ్వరికి చెప్పకు. కావాలని చేస్తున్నవని తెలిస్తె నా పనంత పాడైతది. మీ బావకు గూడ వద్దు, ఆయన నోట్ల మాట ఆగది. చదువు అయిపోయినంక నేనే చెప్త." నీ అరచేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

అప్పటి నుంచి ప్రతి ఊళ్లోనూ నేనే మొద్దును. ఏం తప్పు చేయాలో మొదట్లో నువ్వు బస్సులో చెప్పేదానివి. తర్వాత నేనే చూసుకున్నాను. ఒక ఊళ్లో చేతులు కడుక్కోకుండా బిడ్డను ముట్టుకునేదాన్ని. ఇంకో ఊళ్లో ఉడకబెట్టిన బ్లేడు పక్కనే ఉన్నా కొడవలికి చెయ్యి చాపేదాన్ని. బొడ్డుకు ఒక్క ముడే వేసి కోయబోయేదాన్ని. ఏ ఊరివాళ్లకు ఏ తప్పు చూస్తే నోరు ఆగదో వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసిపోయేది. వాళ్లు నన్ను తిట్టేవాళ్లు, నవ్వేవాళ్లు, తల మీద మొట్టేవాళ్లు. నీకు మేడం అని మంచినీళ్లు ఇచ్చేవాళ్లు.

నువ్వు ఒక్కసారి, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు లేకుంటె నా చదువే లేదు" అన్నావు. నాతో అన్నావు. హైదరాబాద్‌లో మీ గైడు మేడంతో అన్నావా? ఇంకెవరితోనైనా అన్నావా?

ఆదివారాలు బావ కూడా వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, వాళ్లందరితోపాటు నన్ను చూసి నవ్వేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం జాలిపడేవాడు. "ఫికర్ చెయ్యకు కమలా, నిదానంగ నేర్సుకుంటవు" అనేవాడు. మనిద్దరం తర్వాత వంటింట్లో ఆ మాట చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన నాకు మొగుడు అవుతాడని అప్పుడు తెలిస్తే నేను నవ్వేదాన్నా?

తర్వాత నీకు కామెర్లు వచ్చాయి. ఎంత తొందరగా అయిపోయిందో... నీ కళ్లు పచ్చబడ్డాక కూడా చివరి భాగం మిగిలింది, మళ్లీ అదే ఊళ్లకు పోవాలి అన్నావు. పిల్లల సంగతి కూడా చదువయ్యాకే అన్నావు. అన్నీ చదువయ్యాకే.

పెద్దవాళ్లు ఏడాది తిరక్కుండా నాకు, బావకు పెళ్లి చేశారు. బావ మంచివాడు... మరీ మంచివాడు. నాకు ప్రతిదీ రెండుసార్లు చెబుతాడు. గ్యాసు పొయ్యి ఎటు తిప్పితే ఆరుతుందో ఇప్పటికీ చెబుతాడు. బస్సు బోర్డు నాకు చదివి వినిపిస్తాడు. అయిదు చదివిన దానికి కరీంనగర్ అన్న అక్షరాలు రావా? విసుక్కోడు, అదే నా బాధ. విసుక్కుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన కళ్లలో నేను నీ మొద్దు చెల్లెను. నీ గుర్తుగా ఇంట్లో ఉన్నదాన్ని.

చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చదువు అయ్యేదాకా అన్నావు. నీ చదువు అవ్వలేదు. మరి నా ఒట్టు ఎప్పుడు తీరాలి?

ఈ ఎండాకాలంలో వనజ అని ఒకామె వచ్చింది. నర్సింగు స్కూల్లో నీ స్థానంలో చేరిందట. మీ గైడు మేడమే పంపింది. నువ్వు వదిలిపోయిన చోటి నుంచి మొదలుపెట్టి, అదే ఊళ్లకు పోయి, తాను డాక్టరేట్ చేస్తుందట. నీ పేరు చెప్పే చేస్తుందట. ఆ మాట విని బావ ముఖం ఎలా వెలిగిందో నువ్వు చూడాల్సింది. నన్ను చేసుకున్న రోజు కూడా అలా లేడు.

ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చుంటాడు. నీ పుస్తకాలన్నీ దించి తుడిచి బల్ల మీద పెడతాడు. ఆమె నీ పేము కుర్చీలో కూర్చుంటుంది. అందులో కూర్చోవద్దని నాకు ఎవరూ చెప్పలేదు, అయినా నేను ఎన్నడూ కూర్చోలేదు. ఆమె మాత్రం వచ్చిన రోజే కూర్చుంది. గంజి పెట్టిన చీర, చేతికి గడియారం, మాటకు మాట ఇంగ్లీషు. నేను వంటింటి పరదా వెనక నిలబడి, ఛాయ్ మరిగి మరిగి నల్లబడేదాకా వినేదాన్ని. ఒకసారి బావ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు నేను విని ఎన్నాళ్లయిందో.

నీ మీద కుళ్లుకోవాలా, ఆమె మీద కుళ్లుకోవాలా? ఒకరి మీద పెరిగితే ఇంకొకరి మీద తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

ఒక ఆదివారం బావ మిఠాయి తేవడానికి పోయినప్పుడు ఆమె వంటింట్లోకి వచ్చింది. పీట వాల్చుకుని నా పక్కనే కూర్చుంది. నా తప్పుల సంగతి మొత్తం గైడు మేడం ఆమెకు చెప్పిందట. "మీరు కూసుంటెనే గా క్లాసు నడుస్తదంట గద, కమలగారూ" అంది. ఎప్పటిలాగే కూర్చుంటారా అని అడిగింది. బావకు తెలియకూడదని కూడా అంది. ఆయనా వస్తానంటున్నాడు కాబట్టి, ఆయన ముఖంలో తేడా కనిపిస్తే ఆ ఆడవాళ్లు పసిగడతారని.

అంటే నువ్వు మేడంతో చెప్పావన్నమాట. ఆ సంతోషం ఒక పక్క. ఇంకో పక్క కడుపులో మంట. నువ్వు నా అక్కవు కాబట్టి నీ కోసం మొద్దునయ్యాను. ఈమె నాకేమవుతుంది? ఈమె కోసం, నా మొగుడి ముందు, నేను మళ్లీ ఎందుకు మొద్దును కావాలి?

అడగలేదు. నేను ఎప్పుడు అడిగాను కనుక... తల ఊపాను.

పోషవ్వ ఊరికే పోయాము. బడి వరండాలో చాప పరిచారు. ఆడవాళ్లు నన్ను గుర్తుపట్టి మోచేతులతో పొడుచుకుని ముసిముసిగా నవ్వారు. వనజ పాఠం చెప్పింది. మంచిగానే చెప్పింది, అబద్ధం ఎందుకు. నన్ను లేపింది. లేచి బొమ్మ దగ్గరికి పోతూ బావ వైపు చూశాను. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఇంకా ఏమీ చేయకముందే ఆయన ముఖంలోకి జాలి వచ్చేసింది. సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ముఖం చూశాక నా వల్ల కాలేదు అక్కా.

సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. మెడ కింద చెయ్యి పెట్టి బిడ్డను ఎత్తాను. బొడ్డుకు రెండుచోట్ల ముడి వేసి, ఉడకబెట్టిన బ్లేడుతో నడుమ కోశాను. బూడిద పెట్టలేదు, పేడ పెట్టలేదు. ఉతికిన గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను. ఒక్క తప్పు కూడా చేయలేదు.

ఇందులో ఏమైనా తప్పు ఉందా అని వనజ అడిగింది. అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మంచిగ జేసింది మేడం అన్నారు. వనజ ఇంకోలా అడిగింది, మరోలా అడిగింది. తలలు ఊపారు. కాసేపటికి ఒకామె బర్రెలొచ్చే వేళయిందని లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు.

పోషవ్వ ఒక్కతే నా దగ్గరికి వచ్చి బుగ్గ నిమిరింది. "అప్పుడెంత మొద్దుగుంటివి బిడ్డా. మీ అక్క నేర్పింది ఊకె పోలే" అంది.

చూశావా? తప్పు చేస్తే మొద్దును నేను. ఒప్పు చేస్తే గొప్ప నీది. నిన్ను దాటి నేను ఎటు పోవాలి?

బస్సు కోసం నడుస్తుంటే వనజ నన్ను ఏమీ అనలేదు. ఇయ్యాల ఒక్క మాట గూడ రాలే అని మాత్రం తనలో తాను అనుకున్నట్టు అంది. నీ మొదటి ఊరి తర్వాత నీ ముఖం ఎలా ఉందో ఆమెదీ అలాగే ఉంది. కొంచెంసేపు నాకు సంతోషమే అయింది. తర్వాత కాలేదు.

బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. బావ, నేను వెనక. ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పెద్దపల్లిలో కిటికీలోంచి జామపండ్లు కొన్నాడు. ఉప్పుకారం చల్లించి, మంచిది ఏరి నా చేతిలో పెట్టాడు. "చూసినవా? నేను జెప్పలే, నిదానంగ నేర్సుకుంటవని" అన్నాడు. పరీక్ష పాసైన పిల్లకు పెట్టినట్టు పెట్టాడు.

ఒట్టు గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. కానీ గుర్తుంది. గుర్తుండే చెప్పాను.

"నేను ఎన్నడో నేర్సుకున్న బావా. అక్క చెయ్యమంటెనే తప్పులు చేసిన."

ఆయనకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మొదటి ఊరు, రెండో ఊరు, బజ్జీలు, ఒట్టు... అన్నీ చెప్పాను. ఇన్ని మాటలు వరసగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. కరీంనగర్ వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. అబద్ధమాడానని కోపం వచ్చిందనుకున్నాను.

ఇంటికి వచ్చి చెప్పులైనా విడవకుండా నీ ఫోటో ముందు నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలే?" అని అడిగాడు. నన్ను కాదు, నిన్ను. తర్వాత నా వైపు తిరిగాడు. "మీరిద్దరు నన్ను జూసి నవ్వుకునేటోళ్లా?" అన్నాడు. తల ఊపాను. మెల్లగా, "ఇంకేమేం చెప్పింది నీకు... నాకు చెప్పనియి?" అని అడిగాడు.

అప్పుడు ఆయన ముఖం చూశాను అక్కా. ఆ ముఖం నాకు బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి అద్దంలో చూస్తున్నదే కదా.

బావకు నా మీద కుళ్లు.

ఇన్నాళ్లూ నువ్వు మొత్తం తన దగ్గరే ఉన్నావనుకున్నాడు. నీ పుస్తకాలు, నీ కుర్చీ, నీ ఇష్టాలు అన్నీ ఆయనవే. ఆయన చూడని నువ్వు ఒకతెవు ఉన్నావని, ఆమె బస్సులో నా పక్కన కూర్చుని బజ్జీలు తిన్నదని తెలిసేసరికి తట్టుకోలేకపోయాడు. నేను జాలిపడాలి కదా? పడలేదు. ఎంత హాయిగా అనిపించిందో... నన్ను చూసి ఒకరు కుళ్లుకోవడం నా పుట్టుకలో అదే మొదలు.

కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. కానీ ఏం చెప్పినా ఒక్కసారే చెప్పేవాడు. తర్వాత అన్నం తినేటప్పుడు అడగడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఏ ఊరు? ఏం తప్పు చేశావు? ఆమె ఏమంది? కొంచెం చెప్పి ఆపుతాను. ఇంకో ముద్ద కలుపుకుంటూ నా ముఖం చూస్తాడు. కొన్ని చెబుతాను. కొన్ని చెప్పను. నాకూ కొంత మిగలాలి కదా?

తర్వాత ఒకనాడు నేనే నర్సింగు స్కూలుకు పోయాను. ఒక్కదాన్నే. గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో చెబితే నవ్వుతావు. తెల్ల చీరల పిల్లలు పక్క నుంచి పోతున్నారు, నీ గది ఎక్కడో అడగడానికి నోరు రాలేదు. చివరికి వనజే చూసి బయటికి వచ్చింది. మిగిలిన ఊళ్లన్నిటికీ వస్తానని, తప్పులు చేస్తానని చెప్పాను. ఇంట్లో ఆయనకు తెలిసిందని కూడా చెప్పాను. ముఖంలో తేడా రానివ్వకుండా ఆయన్ను కూర్చోబెట్టే బాధ్యత నాదన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

ఒకటి అడగాలని పోయాను. అడిగాను. డాక్టరేట్ పుస్తకంలో నా పేరు రాస్తారా అని. పాఠం నేర్చుకున్నవాళ్ల పేర్లు లోపల రాయకూడదట. ముందు పేజీలో మాత్రం, సాయం చేసినవాళ్లను తలుచుకునే చోటు ఒకటి ఉంటుందట. అక్కడ మొదట నీ పేరు ఉంటుందట, దాని కింద నాది రాస్తానంది.

"కింద వద్దు మేడం. పక్కన రాయుండ్రి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం. వనజ నవ్వి సరేనంది.

నిన్న పెద్దపల్లి అవతలి ఊరికి పోయాము. నా వంతు వచ్చింది. బిడ్డను మూటలా ఎత్తాను, తల వేలాడింది. ఎంత గోల చేశారో అక్కా. ఒకావిడ నా చెయ్యి మీద ఒక్కటి వేసి బొమ్మను గుంజుకుంది. ఇంకొకామె, నీకు పిల్లలు పుడితే నాకు చెప్పి పంపు, నువ్వు మాత్రం ముట్టుకోకు అంది. అందరూ పడిపడి నవ్వారు. వనజ తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉంది.

బావ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అంతమందిలో ఆయన ఒక్కడే నవ్వలేదు. జాలి కూడా పడలేదు. పనిమంతులు పని చేస్తుంటే ఆగి చూస్తామే, అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆ చూపులో నువ్వు లేవు. ఎక్కువసేపు కాదు... కానీ లేవు.

ఒట్టు తప్పానని కోపమా? కోపంగా ఉంటే ఉండు. నీ చదువును వనజ చివరిదాకా తీసుకుపోతుంది. తప్పులు నేను చేస్తాను. ఒక్క ఊరు కూడా వదలకుండా, మంచిగా చేస్తాను. కుళ్లు మాత్రం మానుకోమని అడగకు, అది నా వల్ల కాదు.

నీ చెల్లె,
కమల